ఐసీయూ వదిలి ఊరి క్లినిక్‌లో చేరదామనుకుంటున్నా, చేసినవాళ్లు చెప్పండి

వెన్నెల_26 | హైదరాబాద్ | ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ అయ్యి నాలుగేళ్లు. ఇక్కడ ఓ కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో చేస్తున్నా. నెలకి పది పన్నెండు నైట్లు. డ్యూటీ పేరుకి పన్నెండు గంటలు, హ్యాండోవర్ ఇచ్చి బయటపడేసరికి పద్నాలుగు. మాది ప్రకాశం జిల్లా. మా పక్క మండలంలో విలేజ్ హెల్త్ క్లినిక్‌కి ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్‌లెవెల్ హెల్త్ ప్రొవైడర్, క్లినిక్ చూసుకునే ఇన్‌ఛార్జ్ నర్సు పోస్టు) సెలెక్టయ్యా. కాంట్రాక్టే. 25 వేల జీతం, పైన పనితీరును బట్టి 15 వేల దాకా ఇన్సెంటివ్ అని రాశారు.

అమ్మేమో "పొద్దున తొమ్మిదికి వెళ్లి సాయంత్రం నాలుక్కి ఇంట్లో ఉంటావు, నైట్లుండవు, సంబంధాలు చూడ్డానికీ వీలు" అంటోంది. మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ మాత్రం "వెంటిలేటర్ మీద చెయ్యి తిరిగినదానివి, వెళ్లి రిజిస్టర్లు రాసుకుంటావా" అని ఒక్క ముక్కలో తీసిపారేసింది. మూడు వారాల్లో చేరాలి. ఫుల్‌టైమ్ ఇదే పని చేస్తున్నవాళ్లు చెప్పండి. నిజంగా నాలుక్కి అయిపోతుందా? నేర్చుకున్న పని మర్చిపోతానా? అసలు రోజంతా ఏం చేస్తారు?

బుధవారం_టీకా | పశ్చిమ గోదావరి | ఆదివారం, రాత్రి 11:15

వెన్నెలమ్మా, తొమ్మిది నుంచి నాలుగు అన్నది బోర్డు మీది టైము. ఊళ్లోవాళ్లకి ఆ బోర్డు చదివే అలవాటు లేదు.

నేను ఏఎన్‌ఎంగా, అంటే ఊరి నర్సుగా, చేరి పదిహేడేళ్లు. మొన్న రాత్రి పదకొండింటికి ఫోను. "అమ్మా, పొద్దున నువ్వేసిన సూదికి పిల్లోడి తొడ గట్టిపడింది, ఒళ్లు కాలిపోతోంది." ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటా టీకా వేస్తే రాత్రికి జ్వరం రావచ్చని, పారాసిటమాల్ ఎంత పోయాలో, తొడ మీద ఏదీ రుద్దొద్దని పొద్దున్నే చెప్పా. కార్డు వెనక రాసి కూడా ఇచ్చా. అయినా చేస్తారు. పొద్దున నేను చెప్పింది తల్లికి, రాత్రి భయపడింది నాయనమ్మ.

నా బుధవారం చెప్తా, రోజంతా ఏం చేస్తారన్నావు కదా. టీకాల క్యారియర్ (చల్లటి పెట్టె) మోసుకొచ్చే మనిషి రాని రోజు నేనే ఏడున్నరకి పీహెచ్‌సీకి పోయి సర్దుకుంటా. డీప్‌ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాకు వెంటనే క్యారియర్‌లో పెట్టకూడదు. బల్లమీద పరిచి, పైన చెమట పట్టేదాకా ఆగాలి. ఆ తర్వాత ఒక్కోటీ చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడాలి. అప్పుడే నాలుగు పక్కలా నాలుగు పెట్టి మధ్యలో వయల్స్. లేకపోతే పెంటా, హెపటైటిస్ బి గడ్డకట్టి పాడైపోతాయి. గడ్డకట్టి కరిగిన మందు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, పిల్లాడికి సూది నొప్పి తప్ప ఇంకేం దక్కదు. అందరూ టీకాకి ఎండే శత్రువనుకుంటారు. ఇన్నేళ్లలో నేను ఎక్కువ భయపడింది చలికి.

ఇక అంగన్‌వాడీకి చేరేసరికి తొమ్మిదిన్నర. లిస్టులో తొమ్మిది నెలల పిల్లలు ముగ్గురుంటారు, వచ్చేది ఒకరు. తట్టు, రుబెల్లాకి వేసే ఎంఆర్ వయల్ కలిపామంటే నాలుగు గంటలే ఆయుష్షు. ఒక్క బిడ్డ వచ్చినా తెరవాలన్నది రూలు, తెరుస్తా. తెరిచి, టైము దాని మీద రాసి, మిగతా ఇద్దరి కోసం ఆశా అమ్మాయీ నేనూ ఫోన్లు. ఒకళ్లు "అమ్మమ్మగారింటికి వెళ్లింది". ఇంకొకళ్లు "తలంటు పోశాం, ఇవాళొద్దు". తలంటు పోసినామెని బతిమాలి తీసుకురావడానికి అరగంట. ఐసీయూలో దీనికేం పేరు పెడతారో నాకు తెలీదు, ఇక్కడ మాత్రం ఇదే మెయిన్ డ్యూటీ.

జర్మన్_బీ2 | విజయవాడ | ఆదివారం, రాత్రి 11:31

సిస్టర్, నా మాట విని ఇంకో ఏడాది ఐసీయూలోనే ఓపిక పట్టి జర్మన్ నేర్చుకోండి. మీకున్న అనుభవానికి బయటి దేశాల్లో మంచి గిరాకీ ఉంది. ఊరి క్లినిక్‌లో మూడేళ్లు చేశాక ఇంటర్వ్యూలో "లాస్ట్ ఇంట్యుబేషన్ ఎప్పుడు అసిస్ట్ చేశారు" అంటే ఏం చెప్తారు? సర్వేలు చేశానంటారా? కాంట్రాక్టు పోస్టు, రెగ్యులర్ ఎప్పుడవుతుందో ఎవరికీ తెలీదు. మనసుకి కాదు, రెజ్యూమేకి చెప్తున్నా.

కొండదారి | అల్లూరి సీతారామరాజు జిల్లా | సోమవారం, ఉదయం 6:20

తమ్ముడు రెజ్యూమే గురించి చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అది లెక్కలో పెట్టుకునే రావాలి.

నాది ఏజెన్సీ సబ్‌సెంటరు. మైదానంలో సబ్‌సెంటర్‌కి 5 వేల జనాభా అంటారు, మాకు 3 వేలు. తక్కువే కదా అనుకోవద్దు. ఆ 3 వేల మంది పద్దెనిమిది గూడేల్లో ఉన్నారు, అందులో ఆరింటికి బండి పోదు. వానాకాలం గెడ్డ పొంగితే రెండింటికి మనిషి కూడా పోడు.

మొదటి ఏడాది ఇంటింటికీ తిరిగా. వెళ్లేసరికి తలుపులకి గొళ్లేలు, అందరూ పోడు మీద ఉంటారు. తర్వాత మా పాత హెల్త్ అసిస్టెంట్ ఒకాయన "సంతకి రా" అన్నారు. వారానికోసారి సంత. పసుపు, చింతపండు, కోళ్లు పట్టుకుని పద్దెనిమిది గూడేలూ దిగొస్తాయి. ఇప్పుడు ఆ రోజు ఎండుచేపల వరసకి పక్కన చింతచెట్టు కింద బల్ల వేసుకుంటా. జ్వరమన్నవాళ్లకి వేలిమీద చుక్క రక్తం తీసి ఆర్‌డీటీ (అక్కడికక్కడే తేలే మలేరియా పరీక్ష), గర్భిణులకి బీపీ, బరువు, హిమోగ్లోబిన్. వాళ్ల కువి భాష నాకు రాదు, నాలుగు ముక్కలు పట్టుకున్నా. నేను మాట్లాడితే ఆడపిల్లలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వడానికైనా ఆగుతారు.

మలేరియా పట్టుకోవడం తేలిక, మాత్ర పూర్తిగా మింగించడం కష్టం. వైవాక్స్ రకం మలేరియాకి ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు. నాలుగో రోజుకి జ్వరం పోతుంది, ఐదో రోజున మాత్రలు చూరులో దోపేస్తారు. దోమతెరలు ఇచ్చాం. ఒక ఇంట్లో దాన్ని కోడిపిల్లల మీద కప్పారు. అడిగితే "గద్ద ఎత్తుకుపోతంది మరి" అంది ఆమె. ఆమె లెక్కలో దోమ కన్నా గద్ద పెద్ద నష్టం. తిట్టడానికి నోరు రాలేదు.

కాన్పు తేదీ దగ్గరపడ్డవాళ్లని ముందే దించి బర్త్ వెయిటింగ్ హోమ్‌లో పెట్టడం ఇక్కడ అన్నిటికన్నా పెద్ద పని. "నేను పోతే ఇంట్లో పిల్లల్ని, పందుల్ని ఎవరు చూస్తారు" అంటుంది. దానికి జవాబు చెప్పలేకపోతే ఒకరోజు డోలీ కట్టాల్సొస్తుంది. కట్టాం కూడా.

వెన్నెల_26 | హైదరాబాద్ | సోమవారం, మధ్యాహ్నం 2:05

నైట్ దిగి చదువుతున్నా. ఐస్‌ప్యాక్ చెవి దగ్గర పెట్టి ఊపడం మాకు కాలేజీలో ఒక్కరూ చూపించలేదు. కమ్యూనిటీ పోస్టింగ్‌లో నెలంతా చార్టులు గీశాం.

పల్లె_దవాఖాన | కరీంనగర్ దిక్కు | సోమవారం, రాత్రి 8:48

అక్కా, నేను పల్లె దవాఖానల చేరి మూడేండ్లయితుంది. నేను గూడ నీ లెక్కనే దవాఖానల వార్డు చేసి వచ్చిన. మొదటి ఆర్నెల్లు మస్తు ఏడ్చిన. పని కష్టమని గాదు, ఎవ్వరు నా దగ్గరికి రాకపోయేది. వచ్చినోళ్లు గూడ "నడుంనొప్పి గోలీలున్నయా బిడ్డా" అని అడిగి, తీస్కొని పోయేది.

30 ఏండ్లు దాటినోళ్లందరికి బీపీ, షుగర్ చూడాలె, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ అడగాలె. ఆశా అక్కలు ఫారం నింపుతరు, మనం పరీక్ష చేస్తం. మా ఊర్ల ఒక కాక ఉన్నడు, పొద్దుగాల కల్లు తాగొచ్చి బీపీ చూడుమంటడు. "ఇయ్యాల చూస్తే లాభం లేదు కాకా, రేపు తాగకముందు రా" అంటే "రేపు సుత తాగుత గద బిడ్డా" అన్నడు. ఆఖరికి నేనే పొద్దున ఆరున్నరకు ఆయన తాళ్లల్లకు పోకముందే ఇంటికి పోయి చూసిన. 178/104. గోలీ మొదలువెడితే ఇగ సచ్చేదాక మింగాల్నట అని వాళ్ల భయం. మింగినంక మల్ల చూస్తే నార్మల్ వస్తది, "తగ్గింది గద" అని బంద్ పెడ్తరు. ఈ ఒక్క ముచ్చట మీదనే నా నోరు సగం అరిగింది.

నీకు యాప్‌ల గురించి ఎవ్వరు చెప్పలే. బీపీ, షుగర్లకు ఎన్‌సీడీ యాపు, తల్లీబిడ్డలకు ఆర్‌సీహెచ్ పోర్టల్, టీకాలకు యూ-విన్, టీబీకి నిక్షయ్, జ్వరాల రిపోర్టుకు ఐహెచ్‌ఐపీ, డాక్టర్‌తోని మాట్లాడనీకి ఈ-సంజీవని. ఒకే మనిషిని ఆరు తీర్ల ఎక్కియ్యాలె. మా ఊర్ల సిగ్నల్ చెరువు కట్ట మీదనే వస్తది. మాపటికి ఆడ కూసోని ఎక్కిస్తుంటే పోరగాళ్లు "మేడం రీల్స్ చూస్తుంది" అంటరు.

పాత_సైకిల్ | కృష్ణా జిల్లా | సోమవారం, రాత్రి 9:30

నేను రిటైరై పన్నెండేళ్లు దాటింది. 1979లో చేరాను. మనవడు టైపు చేసిపెడుతున్నాడు, తప్పులుంటే వాడివి.

అమ్మాయ్ వెన్నెలా, "రోజంతా ఏం చేస్తారు" అని అడిగావు. మాకు చేరిన రోజు కూడా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అంతకుముందు మలేరియాకి ఒక మనిషి, మశూచి టీకాలకి ఒక మనిషి, కుటుంబ నియంత్రణకి ఒక మనిషి, కాన్పులకి ఏఎన్‌ఎం. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఇదంతా ఒక్కళ్లే చెయ్యాలని చెప్పింది. అలా మల్టీపర్పస్ అయ్యాం. ఆ మల్టీ పెరుగుతూనే ఉంది తప్ప తరగలేదు.

సిరంజీలు గాజువి. కిరోసిన్ స్టవ్ మీద స్టీలు గిన్నెలో మరిగించుకోవాలి, సూది మొండిబారితే రాయి మీద సానపెట్టుకోవాలి. ఇప్పుడు వాడి పారేసే సిరంజీ చూస్తే నాకు పండగలా ఉంటుంది. కానీ నేను చెప్పాలనుకున్నది సిరంజీల గురించి కాదు. టార్గెట్ల గురించి.

మార్చి వస్తోందంటే నన్ను చూసి ఆడవాళ్లు పెరటి గుమ్మంలోంచి జారుకునేవాళ్లు. ఆపరేషన్ కేసులు ఇన్ని తేవాలని పైనుంచి లెక్క. తేకపోతే జీతం ఆపుతామనేవాళ్లు. పసిబిడ్డకి ఒంట్లో బాగాలేదని పిలవాల్సిన తల్లి, నేను కేసు కోసం వచ్చాననుకుని తలుపేసుకునేది. 1996లో టార్గెట్లు తీసేశామన్నారు. కాగితం మీద ఒక్కరోజులో పోయాయి. ఆ తలుపులు తెరుచుకోవడానికి మటుకు నాకు ఇంకో పదేళ్లు పట్టింది.

ఇప్పుడు మీరు చెప్పే యాపులు వింటుంటే నాకు ఆ మార్చి నెలలే గుర్తొస్తున్నాయి. ఫోను చూస్తూ ప్రశ్నలడగొద్దమ్మా. మనిషి మొహం చూస్తూ అడిగి, బయటికొచ్చాక ఎక్కించుకో. రెండుసార్లు పని అవుతుంది, తెలుసు.

స్టెత్_సిస్టర్ | నెల్లూరు | మంగళవారం, ఉదయం 9:10

నేనూ ఎంఎల్‌హెచ్‌పీనే, రెండేళ్లయింది. ఒక నిజం ఎవరూ చెప్పట్లేదు. పని కన్నా స్టాఫ్‌తోనే తలనొప్పి. క్లినిక్‌కి ఇన్‌ఛార్జ్ మనమే, 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు, రిపోర్టులు అన్నీ మన నెత్తినే. కానీ పాత ఏఎన్‌ఎంలు మన మాట వినరు. "నిన్నగాక మొన్న వచ్చావు" అంటారు. నేను నాలుగేళ్ల డిగ్రీ చదివా, ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ చేశా. వాళ్లది ఇంటర్ తర్వాత రెండేళ్ల కోర్సు. వెన్నెలా, మొదటి రోజే గీత గీసుకో.

బుధవారం_టీకా | పశ్చిమ గోదావరి | మంగళవారం, మధ్యాహ్నం 1:22

గీయండమ్మా గీయండి. ఆ గీతకి అవతల ఊరుంటుంది.

నేను ఇంటర్ తర్వాత రెండేళ్లే చదివా. కానీ మా ఊళ్లో ఏ ఇంటి కోడలికి మొదటి కాన్పులో రక్తం పోయిందో, ఎవరికి బిడ్డ నిలవలేదో, ఎవరు పుట్టింటికి వెళ్తే మళ్లీ మూడు నెలల దాకా రారో నా తలలో ఉంది. సీమంతం కాగానే పిల్ల పుట్టింటికి వెళ్లిపోతుంది, పోర్టల్‌లో మాత్రం నా దగ్గరే ఉంటుంది. తొమ్మిదో నెలలో బీపీ ఎంతుందని మీ ఇన్‌ఛార్జ్ మేడమ్ నన్ను అడుగుతారు. నేను ఆ ఊరి ఏఎన్‌ఎం నంబరు సంపాదించి, ఆమెని బతిమాలి, ఆమె వెళ్లి చూసి చెప్తే మీకు రిపోర్టు. ఇది ఏ సర్టిఫికెట్‌లో ఉంది?

మా క్లినిక్‌లో కొత్త మేడమ్ వచ్చాక షుగరు వాళ్ల కాళ్లకి పుళ్లు చూడటం, గుండెనొప్పా గ్యాసా అని తేల్చడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నా. ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. ఆవిడ కూడా నన్ను "అక్కా" అంటుంది, అందరి ముందూ అంటుంది. మాకు గీత అవసరం పడలేదు.

గట్టుమీద (నిర్వాహకులు) | మంగళవారం, మధ్యాహ్నం 1:40

చదువుల పోటీ ఇక్కడితో ఆపుదాం. అడిగిన అమ్మాయికి పనికొచ్చేది రాయండి.

తుంగభద్ర_ఆశా | ఆదోని దగ్గర | మంగళవారం, రాత్రి 9:55

నేను నర్సు గాదు, ఆశా. రాయొచ్చునా?

మాకు 10 వేలు ఇస్తారు. పని యాళా పాళా లేదు. అయినా ఒక మాట జెప్తాను మేడమ్, మీరు వచ్చినంక మీకు పనికొస్తాది. మా తావ సంక్రాంతి దాటితే ఊరు ఖాళీ. అందరూ సుగ్గికి పోతారు, గుంటూరు దిక్కు మిరపకాయలు కోయనీకి. చంటిపిల్లల్ని ఎత్తుకోనే పోతారు, కడుపుతో ఉన్నోళ్లూ పోతారు. మూడు నాలుగు నెలలు రారు. టీకా కార్డు ఇంట్లో ట్రంకుపెట్టెలో పెట్టి తాళమేసి పోతారు, పోగొట్టుకుంటామని.

అందుకే ఇప్పుడు నేను సుగ్గికి బండ్లెక్కేముందు రోజు సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి కార్డు ఫోటో వాళ్ల ఫోన్లోనే తీపిస్తా. ఏ ఊరి చేలల్లో ఉంటారో మేస్త్రీని అడిగి రాసుకుంటా. పోయినేడు ఆ ఊరి ఏఎన్‌ఎం మేడమ్ ఒకామె చేలో గుడిసెల కాడికే వచ్చి పదకొండు మంది పిల్లోళ్లకు వేసింది. నేను ఆమెను ఇప్పటిదాకా జూడలే. ఫోన్లోనే మాట్లాడుకుంటాం, ఉగాదికి ఒకరికొకరం శుభాకాంక్షలు పంపుకుంటాం.

మీ ఆశాను కుర్చీ ఏసి కూర్చోబెట్టండి మేడమ్. మేము నిలబడే ఉంటాము మీటింగుల్లో.

మిడిల్స్‌బ్రో_మల్లి | ఇంగ్లండ్ | బుధవారం, తెల్లవారుజామున 3:12 (మీకు)

జర్మన్ తమ్ముడి మాటకి ఒక చిన్న సవరణ. బయటి దేశాల్లో కూడా నర్సింగ్ అంటే ఐసీయూ ఒక్కటే కాదు. నేను ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్లు, మొదట వార్డు, ఇప్పుడు కమ్యూనిటీ టీమ్. వారానికి 37.5 గంటలు. కారేసుకుని రోజుకి పది పన్నెండు ఇళ్లు తిరుగుతా. పొద్దున ఇన్సులిన్లు, ఆ తర్వాత కాళ్ల పుళ్లకి కట్లు, మధ్యాహ్నం క్యాన్సర్ ఆఖరి దశలో ఇంట్లోనే ఉండాలనుకున్నవాళ్లకి సిరంజ్ డ్రైవర్ (మందు కొంచెం కొంచెంగా ఎక్కించే చిన్న మిషను). పిల్లల విషయం చూసే హెల్త్ విజిటర్లు వేరే. వాళ్లు గర్భంలో ఉన్నప్పటి నుంచి రెండు రెండున్నరేళ్ల దాకా ఐదుసార్లు కలవాలి. ఆ చదువుకి నర్సుల రిజిస్టర్‌లోనే విడిగా ఒక భాగం ఉంది. ఊరి క్లినిక్ అనుభవం ఇక్కడికి నేరుగా పనికొస్తుందని హామీ ఇవ్వలేను, కానీ దాన్ని చూసి ఎవరూ నవ్వరు.

తేడా ఒక్కటే నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది. ఇక్కడ చాలా ఇళ్లకి గుమ్మం పక్కన చిన్న పెట్టెలో తాళంచెవి ఉంటుంది, నంబరు నొక్కి తీసుకుని నేనే తలుపు తీసుకుని వెళ్తా. లోపల ఎనభై ఏళ్ల మనిషి ఒంటరిగా. నేను తప్ప ఆ రోజు వేరే మనిషి రాకపోవచ్చు. మీకు ఇంట్లో పదిమంది, పదిమందికీ ఒక సలహా. ఏది కష్టమో నేను చెప్పలేను. యాపు మాత్రం ఇక్కడా ఏడిపిస్తుంది, కారులో కూర్చుని ఎక్కిస్తుంటా.

కొండదారి | అల్లూరి సీతారామరాజు జిల్లా | బుధవారం, రాత్రి 7:45

వెన్నెలా, నేర్చుకున్నది మర్చిపోతానా అన్నావు కదా. కొంత మర్చిపోతావు. వెంటిలేటర్ సెట్టింగులు రెండేళ్లకి నీకు గుర్తుండవు. అది దాచి ప్రయోజనం లేదు. బదులుగా కొన్ని వస్తాయి, వాటికి సర్టిఫికెట్ ఉండదు.

ఉదాహరణకి, టీబీ మందులు వాడే మనిషి ఇంటి ముందు నా బండి ఆపను. రెండు వీధులవతల ఆపి నడిచి వెళ్తా, లేదంటే సంతలో చేతికిస్తా. బండి ఆగిన రోజు నుంచి వాళ్లమ్మాయికి సంబంధాలు ఆగిపోతాయి. నెలకి వెయ్యి రూపాయలు పోషణ డబ్బు బ్యాంకులో పడుతుంది, దానికి ఖాతా నంబరు ఇమ్మంటే ఒకాయన ఇవ్వనన్నాడు, బ్యాంకులో గుమాస్తా వాళ్ల బంధువట. ఆరు నెలల మందు ఆయన పూర్తిచేశాడు, డబ్బు మాత్రం తీసుకోలేదు. పోర్టల్‌లో అది నా లోపంగానే పడింది.

ఇంకోటి. ఐరన్ మాత్రలు. 180 ఇచ్చాం అని రాయడం ఒక పని, మింగిందా అని తెలుసుకోవడం వేరే పని. "వేసుకుంటున్నావా" అంటే ఎవరైనా "ఆ" అంటారు. నేను మంచినీళ్లు అడుగుతా. నీళ్లకి వంటింట్లోకి వెళ్తే వెనకాలే వెళ్లి కూర్చుంటా. మాత్రల పట్టీ ఎక్కడుందో కళ్లతో వెతుక్కోవచ్చు. ఒకామెవి ఉప్పుజాడీ వెనకాల పట్టీలు పట్టీలుగా దొరికాయి, ఒక్కటీ చింపలేదు. హిమోగ్లోబిన్ 6.8. నల్లగా విరేచనమవుతోందని భయపడి మానేసిందట. అది మామూలేనని, రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందని, టీతో వద్దని, కాల్షియం మాత్ర వేరే పూట అని ముందే ఎవరూ విడమర్చి చెప్పలేదు. అంటే నేనే చెప్పలేదు. మాత్రలిచ్చింది నేనే కదా. ఆమెని పెద్దాసుపత్రికి పంపి ఐరన్ సుక్రోజ్ ఎక్కించాల్సొచ్చింది.

వెన్నెల_26 | హైదరాబాద్ | గురువారం, ఉదయం 11:00

నిన్న రిజైన్ లెటర్ ఇచ్చేశా. ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఒక్క మాట కూడా అనలేదు, కానీ మధ్యాహ్నం భోజనాల దగ్గర తన డబ్బాలో చేప ముక్క నాకు వేసింది.

జర్మన్_బీ2 | విజయవాడ | గురువారం, ఉదయం 11:20

ఆల్ ది బెస్ట్ సిస్టర్. రెజ్యూమే అప్‌డేట్ చేస్తూ ఉండండి, అంతే.

(రెండున్నర నెలల తర్వాత)

వెన్నెల_26 | ప్రకాశం జిల్లా | సోమవారం, రాత్రి 8:15

మళ్లీ వచ్చా. చేరి రెండు నెలలైంది. అమ్మకి ఇప్పుడు అర్థమైంది నాలుగంటే ఏంటో. మొహం చూపించి హాజరు వేసే యాప్ పొద్దున నా మొహం గుర్తుపట్టదు, ఎండలో తిరిగి నల్లబడ్డానని మా ఏఎన్‌ఎం అక్క ఎక్కిరింపు. అవును, అక్కా అనే పిలుస్తున్నా. ఆశాలకి కుర్చీలు కూడా వేయించా, సర్పంచ్‌గారి ఇంటి నుంచి తెప్పించి.

ఒకటి జరిగింది, దానికే సలహా కావాలి.

మా ఊళ్లో ఒకమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఏడో రోజు ఆశాతో నేనూ వెళ్లా. బిడ్డ నిద్రపోతోంది. పాలు సరిగ్గా తాగట్లేదని తల్లి మెల్లగా అంది. నాయనమ్మ "నిద్రమత్తు పిల్ల, మా అబ్బాయీ అంతే" అంది. ఐసీయూలో శ్వాస ఎంతో మానిటర్ చూపిస్తుంది, ఎర్రగా వెలిగితే తల తిప్పుతాం. ఇక్కడ టీవీలో సీరియల్ మోగుతోంది. టీవీ ఆపమని, బిడ్డ చొక్కా పైకి ఎత్తి, పొట్ట కదలిక చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టా. 68. నా లెక్క తప్పేమో అని ఇంకోసారి. 66. 60 దాటితే ఆగే పని లేదు కదా. డొక్కలు లోపలికి పోతున్నాయి కూడా. 108కి ఫోన్ చేశాం. నాయనమ్మ ఒప్పుకోలేదు, "పురిటి స్నానం కాకుండా గడప దాటించడమేంటి" అని. మా ఏఎన్‌ఎం అక్క ఆవిడతో ఏం మాట్లాడిందో నాకు తెలీదు, పెరట్లోకి తీసుకెళ్లి ఐదు నిమిషాలు మాట్లాడింది. బిడ్డని ఎత్తుకుని వ్యాన్ ఎక్కారు. జిల్లా ఆసుపత్రి నవజాత శిశు విభాగంలో పది రోజులుంచారు. ఇన్ఫెక్షన్. తగ్గింది, ఇంటికొచ్చారు.

నేను మురిసిపోతూ 28వ రోజు వెళ్లా. నాయనమ్మ బిడ్డకి చీరకొంగు కప్పేసి అటు తిరిగి కూర్చుంది. "ఆ రోజు దాకా పిల్ల బాగానే ఉంది. ఆ పిల్ల వచ్చి పొట్ట విప్పి లెక్కబెట్టింది, ఆ పూటే ఆసుపత్రిపాలైంది. కళ్లు మంచివి కావు" అని ఊరంతా చెప్పిందట. ఇప్పుడు ఇంకో ఇద్దరు బాలింతలు నేను వెళ్తుంటే బిడ్డని లోపలి గదిలో పడుకోబెడుతున్నారు. ఏడుపొచ్చింది. బుధవారానికి ఆ బిడ్డకి 42 రోజులు, పెంటా, పోలియో చుక్కలు, విరేచనాలకి రోటా, న్యుమోనియాకి పీసీవీ అన్నీ అప్పుడే. నేను వెళ్లకుండా అక్కనే పంపనా?

పల్లె_దవాఖాన | కరీంనగర్ దిక్కు | సోమవారం, రాత్రి 8:40

అయ్యో. నాకు గూడ అయింది అక్కా గట్లనే. షుగర్ నేనే చెప్పిన అని ఒకామె నన్ను జూస్తే ఇప్పటికి మొఖం తిప్పుకుంటది. గోలీలు మాత్రం తెప్పించుకుంటది.

స్టెత్_సిస్టర్ | నెల్లూరు | సోమవారం, రాత్రి 8:52

అక్కని పంపకు. ఒకసారి తప్పించుకుంటే ఆ ఇంటికి ఇక జన్మలో వెళ్లలేవు. డిశ్చార్జ్ కాగితాలు చూపించి, జబ్బు ముందే ఉందని సైంటిఫిక్‌గా వివరించు.

పాత_సైకిల్ | కృష్ణా జిల్లా | సోమవారం, రాత్రి 9:05

వెళ్లు. కాగితాలు మాత్రం తీసుకెళ్లకు. ఆవిడ బాధ జబ్బు గురించి కాదు. ఇంట్లో పెద్దదాన్ని నేనుండగా నాకు కనపడనిది బయటిపిల్లకి కనపడిందే అని. ఆవిణ్ణి గెలవాలని చూడొద్దు.

బుధవారం_టీకా | పశ్చిమ గోదావరి | సోమవారం, రాత్రి 9:20

పాత సైకిల్ పిన్నిగారు చెప్పిందే. నేనైతే ఇలా చేస్తా. గుమ్మంలో అడుగుపెట్టగానే, "మామ్మగారూ, ఎండనపడి వచ్చా, నా కళ్లు మంచివి కావంటున్నారు, ముందు బిడ్డకి దిష్టి తీయండి, తర్వాతే నేను ముట్టుకుంటా" అను. నవ్వకుండా అనాలి. ఆవిడే లేచి ఉప్పూ మిరపకాయలూ తెస్తుంది. దిష్టి తీసిన చేత్తోనే బిడ్డని నీ ఒళ్లో పెడుతుంది. అప్పుడు చేతులు సబ్బుతో కడుక్కుని, పని చూసుకో. సూది అయ్యాక అరగంట కూర్చోవాలి కదా, ఆ అరగంటలో వాళ్లబ్బాయి చిన్నప్పుడు ఎలా ఉండేవాడో అడుగు.

స్టెత్_సిస్టర్ | నెల్లూరు | సోమవారం, రాత్రి 9:26

మనం నర్సులమై ఉండి దిష్టి తీయమనడమేంటక్కా?

బుధవారం_టీకా | పశ్చిమ గోదావరి | సోమవారం, రాత్రి 9:31

ఉప్పూ మిరపకాయలకి పెంటా పాడవదులే తల్లీ.

వెన్నెల_26 | ప్రకాశం జిల్లా | సోమవారం, రాత్రి 9:38

మిరపకాయలు పచ్చివా, ఎండువా? ఆవిడ దగ్గర లేకపోతే నేనే తీసుకెళ్దామని.

తుంగభద్ర_ఆశా | గుంటూరు జిల్లా | సోమవారం, రాత్రి 9:50

ఎండువి మేడమ్. నేను ఈ యాడు మా వాళ్లతో సుగ్గికే వచ్చినా. అడ్రసు చెప్తే బస్సుకు ఇచ్చి పంపిస్తా, ఈడ కుప్పలు కుప్పలుండాయి.